బంపర్లని మోస్తున్న జుట్టు

నాకు ఇంజనీరింగ్ సీటొస్తే తలనీలాలు ఇస్తానని మా అమ్మ తిరుమల వెంకన్నకి మొక్కుకుంది. సీటొచ్చింది. కళ్యాణకట్ట నుంచి గుండుతో బయటికొచ్చి "చల్లగా ఉందిరా" అని నవ్వింది. నడుం దాకా ఉండే ఆ జడ ఏమైందని నేనెప్పుడూ అడగలేదు. షీలా గౌడ ఇన్‌స్టలేషన్ 'బిహోల్డ్' ఫొటోలు చూశాకే ఆ ప్రశ్న పుట్టింది.

షీలా గౌడ 1957లో కర్ణాటక భద్రావతిలో పుట్టారు. బరోడా, శాంతినికేతన్, లండన్‌లలో చదువుకున్న పెయింటర్. తొంభైల్లో కాన్వాస్ దాటి పేడ, కుంకుమ, సూదీదారం పట్టుకున్నారు. 'బిహోల్డ్' 2009 వెనిస్ బియెనాలేలో పెట్టారు. ఇప్పుడది లండన్ టేట్ మ్యూజియం వాళ్ళ దగ్గరుంది. గోడల మీదా నేల మీదా దాదాపు 4 కిలోమీటర్ల నల్లటి వెంట్రుకల తాడు. మధ్యలో తళతళలాడే కారు బంపర్లు 20, ఆ తాళ్ళకే వేలాడుతూ.

ఈ తాడు మనకి కొత్త కాదు. దిష్టి తగలకుండా బండి బంపర్‌కి కట్టేదే. గుళ్ళలో ఇచ్చిన జుట్టులో పొడుగుది విగ్గులకి విదేశాలు వెళ్తుంది, పొట్టిది ఇలా తాడవుతుంది. గౌడ వాడిన జుట్టు తిరుమలదని అనను గానీ, అక్కడా తలనీలాల్ని పొడుగుని బట్టి రకాలు చేసి ఈ-వేలంలో అమ్ముతారు.

అందుకే దీన్ని చూడగానే "స్త్రీ శరీరం" అనేసే అలవాటు నాకు నచ్చదు. అమ్మ జడలాంటిది ఇందులో ఉండే అవకాశం తక్కువ. అది ముందే ఎగుమతైపోయి ఉంటుంది. మార్కెట్ వద్దన్న జుట్టు మ్యూజియం చేరింది. కనిపించని ఆ జడల కోసం వెతుక్కోవడమే నాకు తోచిన ఫెమినిస్ట్ పఠనం. గౌడ ఉద్దేశం అదేనో కాదో!

ఒక పేచీ మాత్రం ఉంది. తొంభైల చివర్లో ఆవిడే చేసిన 'అండ్ టెల్ హిమ్ ఆఫ్ మై పెయిన్'లో సూదులకెక్కించిన పొడవాటి దారాల్ని కలిపి, జిగురూ కుంకుమా పట్టించి ఎర్రటి తాళ్ళు చేశారు. కొసన సూదులు గుత్తిగా వేలాడతాయి. ఆ పేరులో 'నా బాధ' అనే మనిషి ఉంది. 'బిహోల్డ్' అంటే 'చూడు' అంతే. జుట్టిచ్చినవాళ్ళెవరూ మాట్లాడరు, మ్యూజియంలో పేరు ఆర్టిస్ట్‌ది ఒక్కటే. ఇది లోటే అనిపిస్తుంది. కాకపోతే పేర్లు రాస్తే తీరేది కాదు. కళ్యాణకట్టలోనే అందరి జుట్టూ కలిసిపోతుంది కదా.

బెంగళూరులోనే ఉంటూ, బెంగళూరు ఆర్టిస్ట్ చేసిన దాన్ని ఆఫీసు మానిటర్ మీద జూమ్ చేసి చూడటం నా ఖర్మ. ఫొటో అమ్మకి వాట్సాప్ చేశాను.

"తాడు బాగా పేనారు," అంది. "అంత బరువుకి తెగవా?"

తెలీదమ్మా, నేనూ ఫొటోలోనే చూశానన్నాను.