అరువు లెక్కకు అందని గ్రంథాలు

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1969లో చేర్చుకొన్న పుస్తకాలలో సుమారు 40 శాతం మొదటి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అరువు వెళ్ళలేదు. అరువు నమోదులను కంప్యూటర్ సాయంతో విశ్లేషించి అలెన్ కెంట్, ఆయన సహచరులు 1979లో గ్రంథరూపంలో ప్రకటించిన ఈ ఫలితం గ్రంథాలయ లోకాన్ని కలవరపరచింది. 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం కూడా 1990 తర్వాత ప్రచురితమైన తన పుస్తకాలలో సుమారు 55 శాతం అరువు వెళ్ళలేదని తేల్చింది. కనుక కెంట్ గ్రంథాన్ని పాతదని పక్కన పెట్టడానికి వీలులేదు.

అందులోని మేలు ముందుగా చెప్పాలి. రెండేళ్ళలో ఎవరూ తీసుకోని పుస్తకాన్ని ఆ తర్వాత ఎవరైనా తీసుకొనే అవకాశం నాలుగింట ఒకటి. ఆరేళ్ళు దాటితే యాభైయింట ఒకటి. ఇంత స్పష్టమైన మాట అంతకుముందు అరుదు. పాఠ్యగ్రంథాలు ఎన్ని ప్రతులు కొనాలి, ఏ పుస్తకాన్ని దూరపు గిడ్డంగికి పంపవచ్చు అనే ప్రశ్నలకు ఇది అక్కరకు వచ్చే లెక్కే. "పుస్తకాలు ఉపయోగం కొరకే" అని 1931లో సూత్రీకరించిన రంగనాథన్ దేశంలో దీన్ని కాదనేవారుండరు.

చిక్కు "ఉపయోగం" అనే మాటకు చెప్పిన అర్థంలో ఉంది. కెంట్ బృందం ప్రధానంగా లెక్కించింది అరువును. గ్రంథాలయంలోనే కూర్చొని చదివేవారిని నమూనాగా పరిశీలించి, వారు తీసే పుస్తకాలలో చాలా భాగం అరువు వెళ్ళేవే గనుక పెద్ద తేడా రాదని భావించింది. పిట్స్‌బర్గ్ అధ్యాపకుల గ్రంథాలయ సంఘమే ఈ అధ్యయనంపై విమర్శనాత్మక నివేదిక వెలువరించింది.

ఇస్లామీయ విద్యల విషయంలో ఈ లోపం మరీ పెద్దది. హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, ఇబ్న్ హజర్ అస్ఖలానీ రచించిన 'తహ్జీబుత్ తహ్జీబ్'ను హిజ్రీ 1325-27లో 12 సంపుటాలుగా అచ్చువేసింది. అది హదీసు ఉల్లేఖకుల చరిత్రకోశం. దాన్ని మొదటినుండి చివరివరకు చదవడానికి ఇంటికి తీసుకువెళ్ళేవారు ఎవరు? ఒక ఉల్లేఖకుడు విశ్వసనీయుడా కాదా అన్న సందేహం వస్తే విద్యార్థి ఒక సంపుటం తీస్తాడు, అరపుట చూస్తాడు, మళ్ళీ బీరువాలో పెడతాడు. ఆ అరపుటపై ఒక హదీసు బలాబలాల నిర్ణయం ఆధారపడి ఉండవచ్చు. అరువు చిట్టాలో మాత్రం సున్నా. అదే సంస్థ 1954-56లో ప్రచురించిన అల్-బీరూనీ 'ఖానూనుల్ మస్ఊదీ' సంగతీ ఇంతే. ఖగోళశాస్త్ర చరిత్రకారుడు ఒక పట్టేళ్ళకు ఒకసారి రావచ్చు, కాని వచ్చినప్పుడు అది ఉండాలి.

ఇంకొక ఇబ్బందిని ఇంగ్లీషు పుస్తకాల లెక్క చూసేవారు ఊహించరు. ఇబ్న్ హజర్ అనే పేరుగలవారు ఇద్దరు: అస్ఖలానీ, హైతమీ. సూచికలో ఒకచోట అస్ఖలానీ అని, మరొకచోట ఇబ్న్ హజర్ అని ఎక్కితే ఒకే రచయిత ఉపయోగం రెండుగా చీలిపోతుంది, లేదా ఇద్దరి రచనలు ఒకటిగా కలిసిపోతాయి. సూచిక తప్పైతే యంత్రం చేసే విశ్లేషణ ఆ తప్పునే పెంచి చూపిస్తుంది. పైగా గ్రంథాలయంలో లేనందువల్ల వట్టిచేతులతో తిరిగిపోయిన పాఠకుడు ఏ అరువు లెక్కలోనూ కనిపించడు.

కెంట్ గ్రంథాన్ని ఆధారం చేసుకొని కొనుగోళ్ళను సరిదిద్దవచ్చు. పుస్తకాలను తొలగించడానికి అది చాలదు. తొలగించదలచినవారు ముందు సూచికలోని పేర్లను సరిచేయాలి. బల్లలపై వదిలివెళ్ళిన సంపుటాలను తిరిగి సర్దేముందు రోజూ రాసుకోవాలి. అరబీ చదవగల ఒక అధ్యాపకునికి జాబితా చూపాలి. చుట్టుపక్కల మరే గ్రంథాలయంలోనూ మరొక ప్రతి లేని గ్రంథాన్ని, దాని చీటీపై ఒక్క తేదీముద్ర లేకపోయినా, ఆ జాబితానుండి తీసివేయాలి.