కోడెదూడయు పగ్గమును



అమెరికాలో న్యూయార్కు విశ్వవిద్యాలయమునందు బోధించు జోనథన్ హైట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 2024లో "ద యాంగ్షస్ జనరేషన్" అను పుస్తకమును ప్రచురించెను. కలతతో పెరుగుచున్న తరమని ఆ పేరునకు అర్థము. చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో దీనిని చదివినవారు అరుదు. అయినను ఇందలి సంగతి ప్రతి రాత్రి మన పిల్లల దుప్పటిక్రింద వెలుగుచున్నది గనుక, దీని మంచిచెడ్డలు మీతో ముచ్చటింప గోరుచున్నాను.

గ్రంథకర్త వాదమిది: 2010 మొదలు 2015 వరకు గల కాలములో బాల్యము ఆటస్థలము విడిచి ఫోనులోనికి తరలిపోయెను, అప్పటినుండి అనేక దేశములలో యౌవనస్థుల దిగులు పెరిగెను. మెచ్చుకోలుకు, తోటివారి చూపునకు ఉప్పొంగు మెదడుభాగము పండ్రెండు పదమూడేండ్లకే చురుకెక్కును. ఆగుమని చెప్పు భాగము నొసటి వెనుక నున్నది. అది ఇరువదియైదేండ్ల ప్రాయమువరకు పక్వమగుచునే యుండును. కోడెదూడకు పరుగు వచ్చినది, పగ్గము ఇంకను పేనుచునే యున్నారు. 2016లో ప్రకటింపబడిన కాలిఫోర్నియా పరిశోధనలో 32 మంది పిల్లల మెదడును పరీక్షింపగా, ఎక్కువ "లైకులు" వచ్చిన తమ ఫోటోలను చూచినప్పుడు ఆ ఉప్పొంగు భాగము మరింత మేల్కొనెను.

ఇంతవరకు పుస్తకము మెచ్చదగినది. అయితే ఫోనే సకల దుఃఖమునకు మూలమన్నట్లు వ్రాయుట తొందరపాటు. కాండిస్ ఆడ్జర్స్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు అదే యేట "నేచర్" పత్రికలో దీనిని విమర్శించెను. రెండు సంగతులు కలిసి పెరిగినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదనియు, ముందే క్రుంగియున్న పిల్లలు ఫోనును ఎక్కువగా ఆశ్రయింపవచ్చుననియు ఆమె వాదము. కప్పలు అరచినప్పుడు వాన వచ్చును. కప్పలు వానను కురిపింపవు గదా!

ఈ భేదము నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. 2020లో బడులు మూతపడగా, పాఠముల నిమిత్తము ఒక తండ్రి అప్పుచేసి కుమారునికి ఫోను కొనియిచ్చెను. బడులు తెరచిన పిమ్మటను బాలుడు దానిని విడువలేదు. ఒకనాడు తండ్రి దానిని నేలకు కొట్టి పగులగొట్టెను. మంచిపని చేసితివని నేను అతనిని మెచ్చుకొంటిని. బాలుడు మా యిద్దరితోను మాట మానెను. నెలలు గడచిన తరువాత వాని ప్రక్కన కూర్చుండి అడుగగా, "అమ్మానాయనలు తెల్లవారకముందే పూలతో గుడిమల్కాపూరు మార్కెట్టుకు పోవుదురు. నాతో మాట్లాడేవారెవరు, అయ్యగారూ?" అనెను. నేను కప్పను కొట్టి, వాన ఆగవలెనని కాచుకొంటిని.

హైట్ నాలుగు నియమములు చెప్పెను: హైస్కూలు ప్రాయమునకు ముందు స్మార్టుఫోను వద్దు, 16 ఏండ్లలోపు సోషల్ మీడియా వద్దు, బడిలో ఫోను వద్దు, పిల్లలకు స్వేచ్ఛగా ఆటయు, సొంతముగా చేయు పనియు కావలెను. లోకము మొదటి మూడింటినే పట్టుకొన్నది. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు వారికి ఖాతాలు లేకుండ చట్టము అమలుచేసెను. నాలుగవదానికి చట్టము చాలదు, మనుష్యులు కావలెను. మొయినాబాదు ప్రాంతమున ఫారమ్‌హౌసుల గోడలు లేచిన చోట పిల్లలు ఎచ్చట ఆడుకొందురు? ఈ ప్రశ్న అమెరికా గ్రంథకర్తకు తోచదు, మనకు తోచవలెను.

కాబట్టి చదువరీ, ఈ పుస్తకమును నాలుగవ నియమమునుండి చదువుము. రాత్రివేళ ఇంటిలోని ఫోనులన్నియు ఒకే గూటిలో నిద్రపోవలెను, పెద్దలవి ముందుగా. ఆదివారము ఆరాధనయైన పిమ్మట గుడి ఆవరణము తాళము వేయక, పిల్లల ఆటకు విడువవలెను. పగ్గము పేనుట ఒక్కనాటి పని కాదు. పేనువాడు దూడ దగ్గరనే కూర్చుండవలెను.

ఆ బాలుడు మొన్న మా యింటికి వచ్చెను. నా ఫోను లోపల మ్రోగుచుండెను. నేను లేవలేదు.