వయోలా బట్టలు ఎక్కడున్నాయి?

షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ చదివిన ప్రతిసారీ నా మనసు ఒక జత బట్టల చుట్టూ తిరుగుతుంది. ఓడ మునిగింది. తోడబుట్టినవాడు నీళ్లపాలయ్యాడనుకుంది. ముక్కూమొహం తెలియని దేశంలో ఒంటరిదైన వయోలా మగవేషం వేసి, సిజారియో అన్న పేరుతో ఆర్సినో ప్రభువు కొలువులో చేరింది. ఆమె ఆడబట్టలు ఓడ కెప్టెన్ దగ్గరే ఉండిపోయాయి.

వయోలా ఆర్సినో మీద మనసు పడుతుంది. ఆయనేమో తాను వలచిన ఒలీవియాకు తన ప్రేమ కబురు చేరవేయమంటాడు. రెండో అంకంలో ఒకచోట, తనంత ప్రేమను భరించే శక్తి ఏ ఆడదాని గుండెకూ లేదంటాడాయన. ఎదురుగా ఉన్నది ఆడపిల్లే, ప్రేమిస్తున్నది ఆయన్నే. చెప్పే వీల్లేదు. అందుకే లేని తోబుట్టువును కల్పించి, ఆమె ప్రేమను దాచుకుని ఎలా కుంగిపోయిందో చెబుతుంది. గొంతు దాటబోయిన మాటను అక్కడే ఆపి, ఇక కబురు తీసుకెళ్లనా అని అడుగుతుంది. మారువేషం ఆమెను దాచిందంటారు గానీ, ఆమె నిజానికి నోరిచ్చింది ఆ వేషమే.

ఆ రోజుల్లో లండన్ నాటకశాలల్లో ఆడవేషాలు కట్టింది మగపిల్లలు. 1660 దాకా అక్కడి వృత్తి రంగస్థలం మీద నటీమణులు లేరు. అంటే ఒక కుర్రాడు వయోలా కావాలి, ఆ వయోలా మళ్లీ కుర్రాడు కావాలి. మన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు కట్టిన సత్యభామ వేషం గురించి పెద్దలు చెప్పగా విన్నవాళ్లం కదా, ఈ కష్టం మనకు తెలుసు. స్థానం వారికి చీరకట్టు, నగలు, జడ తోడున్నాయి. ఆ లండన్ కుర్రాడికి సిజారియోగా అవేమీ లేవు. మగబట్టల్లోనే నిలబడి, ఒక తడబాటుతో, ఒక్క క్షణం మౌనంతో లోపలి ఆడపిల్లను చూపించాలి. నటనలో ఇంతకు మించిన పరీక్ష నాకు తోచదు.

కథలోనే మగవాడు ఆడవేషం వేస్తే మాత్రం, వయోలా విషయంలో నడిచినంత దయగా అది నడవదు. కవి ఫిలిప్ సిడ్నీ రాసిన ‘ఆర్కేడియా’లో యువరాజు పైరోక్లిస్ ప్రేమ కోసం అమెజాన్ యోధురాలి వేషం వేస్తే, ప్రాణస్నేహితుడే మందలిస్తాడు. షేక్‌స్పియర్‌దే ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’లో ముసలమ్మ వేషంలో తప్పించుకోబోయిన ఫాల్‌స్టాఫ్ ఒళ్లు హూనమయ్యేలా దెబ్బలు తింటాడు. మగవేషం ఆడదాన్ని ఒక మెట్టు ఎక్కించినట్టూ, ఆడవేషం మగవాణ్ణి ఒక మెట్టు దించినట్టూ చూసిన లోకం అది. ఆ లెక్క నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే ‘ట్వెల్ఫ్త్ నైట్’ ముగింపు నాకు ప్రాణం. ఒలీవియా ఇంటి పెత్తందారు మాల్వోలియో ఫిర్యాదుతో, బట్టలు దాచిన కెప్టెన్ జైల్లో ఉన్నాడు. ఆ మాల్వోలియో కోపంతో వెళ్లిపోయాడు. బట్టలు రానేలేదు. మగబట్టల్లోనే ఉన్న వయోలాను ఆర్సినో చివరి మాటల్లోనూ సిజారియో అనే పిలుస్తాడు. ‘వయోలా’ అన్న పేరు నాటకంలో మొదటిసారి వినబడేది కూడా ఆఖరి సన్నివేశంలోనే, తోడబుట్టినవాడి నోట. వాళ్లిద్దరూ ఒకరినొకరు పోల్చుకున్నది దుస్తులను బట్టి కాదు. నాన్న నుదుటి మీది పుట్టుమచ్చను బట్టి. ఆయన పోయిననాటికి ఆమెకు పదమూడేళ్లు నిండాయన్న జ్ఞాపకాన్ని బట్టి.