కరిగిన పాదలేపం: మనుచరిత్రలోని మంచు – ఒక పర్యావరణ పఠనం

వ్యాససంగ్రహం
ప్రవరుని కథను మలుపు తిప్పేది మంచు కరగడమే. మంచు కరిగినా హిమాలయం మరునాటికి యథాతథంగా ఉంటుందన్న నమ్మకం ఆ ఘట్టానికి పునాది. హిమానీనదాలు క్షీణిస్తున్న నేటి సందర్భంలో ఆ నమ్మకాన్ని వ్యాఖ్యాన విషయంగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం
తిక్కన శిష్యుడైన మారన తన మార్కండేయ పురాణాన్ని కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయకు అంకితమిచ్చాడు. అందులోని ప్రవరుని కథను 16వ శతాబ్దిలో అల్లసాని పెద్దన మనుచరిత్రగా విస్తరించాడు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో ప్రవరుడు హిమాలయానికి చేరడం, లేపం మంచునీటికి కరిగిపోవడం, తిరుగుదారి తోచక వరూధిని కంటబడడం సుపరిచితాలే. అయితే విమర్శకుల దృష్టి ప్రధానంగా ప్రవర వరూధినుల సంవాదంపైన, పాత్రపోషణపైన నిలిచింది. మంచు వర్ణనల ఖాతాలో చేరిపోయింది.

2. కాలాన్ని చెప్పే మంచు
కొండ అందాలు చూసి తనివి తీరని ప్రవరునికి మధ్యాహ్నమైన సంగతి తెలియజేసేది మంచే. ఎండకు కాగిన సూర్యకాంతశిలలపై మంచు కరిగి చేసే చూత్కారాలు అతనికి పొద్దును గుర్తుచేస్తాయి. ఆ చప్పుడును అతడు నిత్యకర్మలకు వేళ మించుతున్నదన్న సూచనగానే విన్నాడు. అదే కరుగుదల తన పాదాల కిందా జరుగుతున్నదని గ్రహించలేదు. ఈ వ్యంగ్యం పెద్దన కథనకౌశలానికి నిదర్శనం. సూచన చెవిని పడింది గాని, దాని పర్యవసానం ఊహకు అందలేదు.

3. 'రేపు' అనే భరోసా
అదే సందర్భంలో ప్రవరుడు తక్కిన వింతలను మరునాడు చూడవచ్చునని అనుకుంటాడు. ఆ మాటలో రెండు భరోసాలున్నాయి. ఒకటి తాను మళ్లీ రాగలనన్నది, రెండవది కొండ అలాగే ఉంటుందన్నది. మొదటిది ఆ పూటే భగ్నమైంది. చివరకు అతడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరాడు. మంచునీట పోయిన గమనశక్తిని అగ్ని తిరిగి ఇచ్చాడు. కనుక కావ్యంలో ప్రవరునికి కలిగిన నష్టం పూరింపదగినదే. రెండవ భరోసాను మాత్రం కావ్యం ఎక్కడా ప్రశ్నించదు. ప్రశ్నించవలసిన అవసరం ఆనాటి కవికి లేదు.

నేటి పాఠకునికి ఆ అవసరం ఉంది. హిందూకుష్–హిమాలయ ప్రాంతంలో 2011–2020 దశకపు మంచు నష్టం అంతకు ముందరి దశకం కంటే 65 శాతం వేగంగా సాగిందని కాఠ్‌మాండూలోని ఇసిమోడ్ సంస్థ 2023 నివేదిక తెలిపింది. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. పెద్దన ఈ పరిణామాన్ని ముందే దర్శించాడనడం కాలవ్యత్యాసాన్ని విస్మరించడమే అవుతుంది. కావ్యం దేనిని నిస్సందేహంగా స్వీకరించిందో గుర్తించడం మాత్రం విమర్శ కర్తవ్యం.

4. నెల్లికుదురు నుండి చదివితే
గోదావరి, కృష్ణలు పడమటి కనుమల్లో పుట్టిన వాననదులు. వాటికి మంచుకొండలతో సంబంధం లేదు. నెల్లికుదురు ప్రాంతంలో 'మంచు' అంటే చలికాలపు ఉదయాన పత్తిచేలపై కమ్ముకొనేది. పొద్దెక్కగానే విడిపోయి, మరునాడు మళ్లీ వచ్చేది. తెలుగులో పొగమంచుకూ, హిమానికీ ఇదే మాట వాడుకలో ఉంది. అందువల్ల 'రేపు మళ్లీ ఉంటుంది' అన్న భావం మాటలోనే ఇమిడి ఉంది. ప్రవరుని భరోసాను విద్యార్థి అనుమానించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

దీనిని విప్పిచెప్పడానికి ఈ నేలలోనే ఉపమానముంది. ఎండిన చెరువు వేరు, కట్ట తెగిన చెరువు వేరు. మొదటిది వానతో నిండుతుంది. రెండవది ఎంత వాన కురిసినా నిలుపుకోలేదు. 2024 సెప్టెంబరు తొలినాళ్ల వరదల్లో మహబూబాబాద్ జిల్లాలో కట్టలు తెగిన చెరువులను చూసినవారికి ఈ భేదం వివరించనక్కరలేదు. పెద్దన మంచు ఎండిన చెరువు వంటిది. నేటి హిమానీనదం కట్ట తెగుతున్న చెరువు.

మంచుతోనే బ్రతుకు గడిపే లదాఖ్ రైతులకు కరుగుదల నిజంగానే కాలసూచిక. విత్తే వేళకు నీరు కావాలి, ఎత్తైన హిమానీనదాల నీరేమో ఆలస్యంగా వస్తుంది. అందుకే ఇంజనీరు చెవాంగ్ నార్ఫెల్ చలికాలపు వాగునీటిని మళ్లించి, ఊళ్లకు దగ్గరగా, తక్కువ ఎత్తున గడ్డకట్టించే పద్ధతిని రూపొందించారు. ఆ మంచు విత్తనాల అదనుకు కరుగుతుంది. ఒక విధంగా అవి మంచు చెరువులు. నీటిని నిలిపి అదనుకు వాడుకోవడమనే కాకతీయుల నాటి వివేకానికి అవి దగ్గరి చుట్టాలు. కరిగే చప్పుడును ప్రవరుడు విని ఊరకున్నాడు, లదాఖ్ రైతు విని పని మొదలుపెట్టాడు.

5. ముగింపు
మనుచరిత్రలో మంచు వర్ణనా సామగ్రి మాత్రమే కాదు. అది కాలాన్ని తెలుపుతుంది, కథను నడుపుతుంది, నాయకుని అనవధానాన్ని బయటపెడుతుంది. ఈ ఘట్టాన్ని బోధించేటప్పుడు అలంకారాలతోపాటు ప్రవరుని 'రేపు'ను కూడా చర్చకు పెట్టాలి. అతనికి దారి చూపడానికి అగ్ని ఉన్నాడు. వేడిమి వల్లనే క్షీణిస్తున్న హిమాలయానికి ఆ వరం లేదు.