30 సెకన్ల ట్యాంక్‌బండ్

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద ట్రైపాడ్ నిలబెట్టి, జీవితంలో మొదటిసారి షట్టర్‌ను 30 సెకన్లు తెరిచి ఉంచినవాళ్లకు తెర మీద ఒక వింత కనిపిస్తుంది. కెమెరా ముందు నుంచి పదిమంది నడిచి వెళ్లారు. ఫోటోలో ఒక్కరూ లేరు! కార్లు కూడా మాయమై, వాటి లైట్లు మాత్రం తెల్లగా, ఎర్రగా గీతలై మిగిలాయి.

ఈ వింత ఫోటోగ్రఫీతో పాటే పుట్టింది. 1838లో లూయీ డాగేర్ పారిస్‌లోని బులవార్ దు తాంప్ల్ అనే వీధిని ఫోటో తీశాడు. బండ్లూ మనుషులూ తిరిగే వీధే, అయినా ఫోటోలో బోసిగా కనిపిస్తుంది. పలక మీద బొమ్మ పడటానికి ఆ రోజుల్లో నిమిషాలు పట్టేది. ఆ కాసేపూ కదలకుండా నిలబడి బూట్లు పాలిష్ చేయించుకున్న ఒక మనిషి ఆకారం మాత్రం ఓ మూల నిలిచిపోయింది.

కారణం తేలికే. నడిచే మనిషి ఒక్కో చోట ఉండేది ఒకటి రెండు సెకన్లు. మిగతా సమయమంతా ఆ చోట వెనకున్న గోడో, నీళ్లో తమ వెలుతురును కెమెరాకు పంపుతూనే ఉంటాయి. అందుకే హుస్సేన్‌సాగర్‌లో 1992లో నిలిపిన 58 అడుగుల ఏకశిలా బుద్ధుడు కొత్తవాళ్లకు మంచి గురువు. పడవలు చెరిగిపోతాయి, అలలు నునుపు తేలతాయి, రాయి మాత్రం గీత చెదరకుండా వస్తుంది.

గీత చెదిరిందంటే ముందుగా లెన్సును అనుమానించి, కొత్తది కొనడానికి పరుగెత్తేవాళ్లే ఎక్కువ. ఆ డబ్బుతో బరువైన ట్రైపాడ్ కొనడం మేలు. దాని మధ్య కడ్డీని పైకి లేపకుండా వాడాలి. షట్టర్‌ను వేలితో నొక్కితే కెమెరా వణుకుతుంది కనుక 2 సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. వంతెన మీద నిలబడితే బస్సు వెళ్లిన ప్రతిసారీ కాళ్ల కింద నేల అదురుతుంది, ట్రైపాడ్ కూడా అదురుతుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని గట్టు మీద నుంచి తీయడమే నయం.

చీకట్లో ఫ్రేమ్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ అర నిమిషం కాచుకోనక్కర్లేదు. ఐఎస్‌వో 1600 దగ్గర 2 సెకన్లు తీసి చూస్తే చాలు. నచ్చితే ఐఎస్‌వోను 100కు దించండి. సున్నితత్వం 16 రెట్లు తగ్గింది కాబట్టి సమయం 16 రెట్లు, అంటే దాదాపు 30 సెకన్లు. ఈ చిన్న లెక్క వంటబట్టాక చీకటంటే భయం పోతుంది.

వేళ కూడా ముఖ్యం. సూర్యుడు అస్తమించాక ఆకాశం ముదురు నీలంగా ఉండే సమయం మన దగ్గర బాగా తక్కువ. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి సూర్యుడు నిటారుగా, త్వరగా దిగిపోతాడు. వీధి దీపాలు వెలిగి, ఆకాశంలో ఇంకా రంగు మిగిలి ఉన్న ఆ 20, 25 నిమిషాలే పండగ. నల్లటి ఆకాశం కింద తీసినవాటికి ఆ అందం రాదు.

నక్షత్రాల దగ్గర లెక్క మారిపోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. చుక్కలు చుక్కలుగానే రావాలంటే 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్సుకు సుమారు 20 సెకన్లు. గీతలే కావాలనుకుంటే ధ్రువ నక్షత్రాన్ని వెతకండి. హైదరాబాద్ నుంచి చూస్తే ఉత్తరాన, దిగంతానికి 17 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మిగతా చుక్కలన్నీ దాని చుట్టూనే వలయాలు గీస్తాయి.

అయితే నగరం వెలుగులో ఇవేవీ సరిగా కనిపించవు. అమావాస్యకు దగ్గరి శనివారం చూసుకుని, ఊరి దీపాలు దాటి వికారాబాద్ వైపు వెళ్లండి. టార్చి, నిండుగా చార్జి చేసిన రెండో బ్యాటరీ దగ్గరుంచుకోండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి.