పచ్చబొట్టూ, పరలోకమూ

పచ్చబొట్టును గురించి విమర్శ రాయటమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. అది కవిత్వమూ కాదు, నాటకమూ కాదు. ముసలమ్మల చేతుల మీద మిగిలిపోయిన మూఢనమ్మకం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అనుకోవటమే గాక, అనకూడని చోట అన్నాను కూడా.

మా నాయనమ్మ ఎడమ ముంజేతి మీద తులసికోట బొమ్మా, దాని పక్కన విడిగా మూడు చుక్కలూ వుండేవి. తులసికోట ఆమె పెళ్ళినాటిది. మూడు చుక్కలు పురిట్లో పోయిన ముగ్గురు బిడ్డలవి. "బంగారం ఇక్కడే వుండిపోతుందిరా, పచ్చబొట్టొక్కటే వెంట వస్తుంది. పైన నా పిల్లలు నన్ను ఆనవాలు పట్టొద్దూ?" అనేది. నేను కాలేజీలో కొత్తగా భౌతికవాదం చదువుకుంటున్న రోజులవి. కట్టెల మీద కాలిపోయే చర్మం ఎక్కడికి వెంట వస్తుందే అని అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. చెయ్యి కొంగులోకి లాక్కున్నది. ఆ వాదంలో నేనే గెలిచానని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవటం లేదు.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చర్మం కాలిపోతుంది, ఆత్మ వున్నదనటానికి ఆధారం లేదు. ఐతే ఆ నమ్మకం నిజమా కాదా అని మాత్రమే నేను అడిగాను. అది ఎవరికి, ఎందుకు అవసరమైందని అడగలేదు. మతాన్ని గురించి మార్క్స్ 1844లో ప్రకటించిన వ్యాసాన్ని మనలో చాలామంది మత్తుమందు అన్న మాట దగ్గరే మూసేస్తారు. ఆ మాటకు ముందున్నదంతా పీడితుల బాధను గురించినదని మరిచిపోతారు.

బంగారం వెంట రాదన్న మాట వేదాంతంలాగా వినిపిస్తుంది. కాని దాన్ని ఎక్కువగా అన్నది ఎవరు? బంగారం లేనివాళ్ళు, వున్న కాస్తా షావుకారు దగ్గర కుదువపెట్టినవాళ్ళు. పచ్చబొట్టును తాకట్టు పెట్టటానికీ, జప్తు చెయ్యటానికీ వీల్లేదు. పరలోకం దాకా నిలిచే నగ కావాలన్న కోరికకు మూలం, ఈ లోకంలో నగ నిలవకపోవటం. మూడు చుక్కల సంగతీ అంతే. పసిబిడ్డలకు తద్దినాలు వుండవు. ఆ బిడ్డలకు పేర్లు పెట్టలేదు, ఫోటోలు లేవు. వైద్యుడు లేని ఊళ్ళో వాళ్ళు పుట్టారనీ, పోయారనీ చెప్పే దస్తావేజు ఆ ముంజెయ్యి ఒక్కటే. దాన్ని దయ్యాల పిచ్చి అనటం కంటే జననమరణాల రిజిస్టరనటం సబబు.

పూర్వజన్మ విషయంలో కూడా ఇలాగే విడదీసి చూడాలి. మా నాన్న భుజం మీది పుట్టుమచ్చ చూపించి, పోయిన మూడోవాడే మళ్ళీ వచ్చాడనేది నాయనమ్మ. అదే పూర్వజన్మను చూపించి భూస్వామి పాలేరుతో, నీ పాపం నువ్వు అనుభవిస్తున్నావంటాడు. సిద్ధాంతం ఒకటే. ఒకరి చేతిలో అది వూరట, మరొకరి చేతిలో కొరడా. రెంటినీ ఒకే గాటకట్టి ఖండించేవాడు కొరడా పట్టినవాడికి మేలు చేస్తాడు.

పచ్చబొట్టు సూది కూడా రెండు చేతుల్లోనూ వున్నది. హిందీలో పచ్చబొట్టును గోద్నా అంటారు. కంపెనీ ప్రభుత్వం 1797లో బెంగాలులో యావజ్జీవ ఖైదీల నొసళ్ళ మీద గోద్నా పొడిపించే శాసనం చేసింది. 1849లో గాని అది రద్దు కాలేదు. మన ప్రాంతంలో మసీ, ఆకుపసరూ కలిపి పచ్చబొట్లు పొడిచి, పైన పసుపు రాసేవారిలో ఎరుకల స్త్రీలు ముఖ్యులు. ఆ ఎరుకలవారినే మద్రాసు రాజధానిలో 1911 నాటి చట్టం కింద నేరస్థ జాతిగా ప్రకటించి, వేలిముద్రలు తీసుకుని, నిఘాలో పెట్టారు. మద్రాసు రాజధానిలో అలాంటి చట్టం 1947 దాకా వున్నది. ఊరివారి జ్ఞాపకాలను చర్మం మీద భద్రపరిచిన చేతులకు సర్కారు ఇచ్చిన గుర్తింపు ఇది!

ఈ సూదిని ఎదురుతిప్పినవారూ వున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో రామ్‌నామీలు 19వ శతాబ్దపు చివరి దశకంలో బయలుదేరారు. దళితులైన వీరిని గుడిలోకి రానివ్వలేదు. చార్‌పారా గ్రామానికి చెందిన పరశురామ్ నాయకత్వంలో వీరు రాముడి పేరును వంటి నిండా, మొహం మీద కూడా, పొడిపించుకున్నారు. గుడి తలుపు మూయగలరు గాని చర్మం మీది పేరును ఎవరు లాక్కోగలరు? వారి రాముడు అయోధ్య రాజు కాడు, రూపం లేనివాడు. ఇది గొప్ప తిరుగుబాటు. దాని పరిమితి కూడా చెప్పాలి: తమను వెలివేసిన సమాజపు దేవుడి పేరే వారికి ఆయుధమైంది, భూమి ఎవరిదన్న ప్రశ్న అలాగే వుండిపోయింది. పనుల కోసం నగరాలకు పోయే వారి యువకుల్లో ఇవాళ వొళ్ళంతా పొడిపించుకునేవారు అరుదు. మొహం మీది పేరు కులాన్ని ముందే చెప్పేస్తుంది గనక, వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో పచ్చబొట్టు పేరు టాటూ. పోయిన తల్లి చేతిరాతను మణికట్టు మీద వేయించుకున్న కుర్రవాణ్ణి చూశాను. అది మా నాయనమ్మ చుక్కలకు వారసురాలే. ఐతే పుస్తకంలో బొమ్మ ఎంచుకుని, ఇది నా పూర్వజన్మ చిహ్నమని చెప్పేవారి సంగతి వేరు. పూర్వజన్మలో తాము ఋషులమో, రాజులమో, యోధులమో అయినట్టు పొడిపించుకునేవారే గాని, వెట్టివాళ్ళమని పొడిపించుకున్నవారు నాకు తారసపడలేదు. ఇక్కడ రూపం మిగిలింది, వస్తువు పోయింది. వున్నవాడికి ఈ జన్మ చాలక గతజన్మ కూడా అలంకారమైంది.

పచ్చబొట్టు ఎందుకు చెరగదన్నదానికి శాస్త్రం ఇచ్చిన జవాబు మా నాయనమ్మకు చెప్పివుంటే బాగుండేది. 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద పరిశోధించి కనుక్కున్నారు: రంగును మింగిన చర్మకణాలు శాశ్వతంగా బతకవు. అవి చచ్చి రంగును వదిలినప్పుడు, వాటి స్థానంలో వచ్చిన కొత్త కణాలు అదే రంగును మింగి నిలుపుతాయి. అంటే గుర్తు నిలవటానికి ఆత్మ అక్కర్లేదు. పోయినవాటి బరువును బతికున్నవి ఎత్తుకుంటే చాలు.

నాయనమ్మ చెయ్యి కట్టెల మీద కాలిపోయింది. నేను చెప్పినట్టే జరిగింది. ఆ మూడు చుక్కలు ఎక్కడ, ఏ వరుసలో వుండేవో తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. ఆనాడు నేను అడగవలసిన ప్రశ్న చర్మాన్ని గురించి కాదు. ఆ బిడ్డలు ఎలా పోయారే అని అడగవలసింది.