నీడను దాచే ఆట

వెన్నెల కుప్పల ఆటకు కావలసినవి చంద్రుడు, పొడిమట్టి, రెండు జట్ల పిల్లలు. ఎండాకాలం అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల మొదటి రెండింటికీ కొదవ లేదు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. వంకలు ఎండి ఇసుక తేలుతుంది, వాకిట్లో ఎర్రమట్టి పిండిలా రాలుతుంది. మబ్బు పట్టే రాత్రులు తక్కువ. గాలిలో తేమ లేకపోవడంతో పగలంతా కాగిన నేల తన వేడిని ఆకాశానికి వదిలేసుకుంటుంది. కోస్తాలో అర్ధరాత్రి దాటినా వదలని ఉక్క ఇక్కడ ఉండదు. అయితే మిద్దె మాత్రం అంత త్వరగా చల్లబడదు. అన్నాలు తిన్నాక, లోపల పడుకోలేక అందరూ బయట గడిపే ఆ రెండు గంటలే ఈ ఆటకు వేళ.

పిల్లలు వీధినో కళ్లాన్నో చెరిసగం పంచుకుంటారు. ఎవరి హద్దులో వాళ్లు గుప్పెడు మట్టి తీసుకుని, అవతలివాళ్ల కంట పడని చోట్ల చిన్న చిన్న కుప్పలు పోస్తారు. అనుకున్న గడువు కాగానే కేక వేసి హద్దులు మార్చుకుంటారు. కనబడ్డ కుప్పనల్లా చెరిపేస్తారు. చివరికి ఎవరి కుప్పలు ఎక్కువ మిగిలితే వాళ్లు గెలిచినట్టు. తోపులాట లేదు, పరుగు పందెం లేదు. ఎండకు సోలిపోయిన ఒళ్లు కూడా ఆడగలదు.

దీనిలో పనితనమంతా వెన్నెలను చదవడంలో ఉంది. నిండు పున్నమి వెలుగు సుమారు పావు లక్సు. అంత తక్కువ వెలుతురులో కంటికి రంగులు తెలియవు. ఎర్రనేల, దాని మీద ఎర్రమట్టి కుప్ప రెండూ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. కుప్పను పట్టిచ్చేది దాని నీడే. అందుకే ఆట తెలిసిన పిల్ల కుప్పను ఎత్తుగా పోయదు. అంచులు వాలుగా దిద్ది వదిలేస్తుంది. మరీ చదును చేస్తే అది కుప్పే కాదని అవతలి జట్టు పేచీ పెడుతుంది, ఆ పేచీ న్యాయమైనదే.

గోడ నీడలో పోస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ చంద్రుడు ఆగడు. తూర్పున మూడోవంతు ఎక్కిన వేళ, ఆరడుగుల గోడ నీడ పావుగంటలో ఇంచుమించు మూరెడు వెనక్కి తగ్గుతుంది. నీడ అంచున పోసిన కుప్ప, జట్లు హద్దులు మారేసరికి వెన్నెల్లో నిలబడి ఉంటుంది. పైగా ఎండాకాలపు పున్నమికి ఇంకో గుణం ఉంది. సూర్యుడు ఉత్తరానికి జరిగిన నెలల్లో నిండు చంద్రుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. మార్గశిర పున్నమి నడిరేయి ఇక్కడ దాదాపు నడినెత్తికి వచ్చే చంద్రుడు, వైశాఖంలో అంత పైకి రాడు. నీడలు పొద్దుగూకినప్పుడు పడమటికి సాగి, రాత్రి ముదిరేకొద్దీ ఉత్తరానికి తిరుగుతాయి. కాబట్టి రాతికి పడమట దాచిన కుప్ప కాసేపటికి బయటపడుతుంది. వాయవ్యంగా పోసినదాన్ని ఆ రాతి నీడే వచ్చి కప్పుతుంది. ఖగోళశాస్త్రం ఇంత దగ్గరగా పిల్లల చేతికి అందే చోటు నాకు మరొకటి తెలియదు.

వెతకడమూ విద్యే. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. చంద్రుడికి ఎదురుగా నడిస్తే కుప్పల చీకటి వైపు మన మీదికి తిరిగి ఉంటుంది. వంగి, చూపును నేల మీద వాలుగా పారించాలి. అనుమానమున్న చోటును సూటిగా కాక కొంచెం పక్కగా చూడాలి, ఎందుకంటే మసక వెలుతురును పట్టే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు.

ఆటకు తిథి కూడా ముఖ్యం. శుక్ల దశమి నుంచి పున్నమి దాకా మేలైన రోజులు. అష్టమినాడు చంద్రుడు సగం ఉన్నా వెలుగు పున్నమిలో పదోవంతే. పున్నమి దాటితే చంద్రోదయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, పిల్లలు అప్పటికి నిద్రపోతారు.

తెలుగు కవులు పిల్లల ఆటలను చిన్నచూపు చూడలేదు. పోతన రుక్మిణి చిన్నతనంలో గుజ్జనగూళ్లు ఆడుకుంది. అయ్యలరాజు నారాయణామాత్యుడు ‘హంసవింశతి’లో ఆటల పేర్లు వరసగా పేర్చాడు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి వాటిని చరిత్రకు ఆధారాలుగా తీసుకున్నారు.

వీడియో గేములు తయారుచేసేవాళ్లు కూడా ఈ వెన్నెల ఆటలో ఉన్నలాంటి నెమ్మదినే వెతుకుతున్నారు. 2012లో దట్‌గేమ్‌కంపెనీ తెచ్చిన ‘జర్నీ’లో ఆడేవాళ్లు ఇసుక తిన్నెల మీద నడుస్తూ పోతారు. దారిలో కలిసే తోడు ఎవరో తెలియదు, ఆ తోడుతో మాట్లాడే వీలూ ఉండదు. అది గొప్ప ఆట. వేసవి రాత్రి ఫ్యాను కింద ఆడుకునే పిల్లలను నేను తప్పుపట్టను. అయితే తెర వెలుగు కంటికి సిద్ధంగా అందుతుంది. వెన్నెలకు కన్నే నెమ్మదిగా సిద్ధపడాలి. ఆ ఎదురుచూపులోనే పగటి అలసట దిగిపోతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఈ ఆటకు అడ్డంకి వీధిదీపం. దాని కింద వెలుగు పది లక్సులున్నా చాలు, పున్నమికి నలభై రెట్లు. ఆడపిల్లలు, ముసలివాళ్లు భయం లేకుండా నడవడానికి ఆ దీపాలు కావాలి, వాటిని తీసేయమనను. ఊరి చివర కళ్లాల్లో, తోటల దగ్గర చీకటి ఇంకా మిగిలే ఉంది. పెద్దవాళ్లు ఒకరిద్దరు తోడు వెళితే చాలు. ఊళ్లోనే ఆడాలంటే, చైత్ర వైశాఖ పున్నములకు ఒక్క వీధిలో ఒక్క గంట దీపం ఆర్పమని పంచాయతీని అడగవచ్చు.

ఆట మొదలయ్యే ముందే ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. కుప్పలు బయలునేల మీదే పోయాలి, రాళ్ల కింద, కట్టెల సందుల్లో చేతులు పెట్టకూడదు. ఎండాకాలపు రాత్రి తేళ్లు కూడా బయట తిరుగుతుంటాయి.